నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్‌ని ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్‌కి కలపడం ఎలా

మా పెదనాన్న ఇల్లు విశాఖ పెదవాల్తేరులో. హాల్లో గోడవారగా ఒక బల్ల, దాని మీద ముప్పై ఏళ్ళ నాటి స్టీరియో యాంప్లిఫయర్, అటూ ఇటూ రెండు చెక్క స్పీకర్లు. ఇప్పటికీ ఆ స్పీకర్లలో గొంతు వింటే మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంటుంది. కానీ క్యాసెట్ డెక్ ఎప్పుడో మూలపడింది, సీడీ ప్లేయర్ ట్రే బయటికి రావడం మానేసింది, దాంతో సెట్టు మొత్తం మీద దుప్పటి కప్పేసి ఉంచేశారు. పోయిన సంక్రాంతికి ఒక చిన్న నెట్‌వర్క్ ప్లేయర్ తీసుకెళ్ళి దానికి తగిలించాను. అరగంటలో అయిపోతుందనుకున్న పనికి రెండు పూటలు పట్టింది. ఆ తర్వాత ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో, గాజువాకలో మా బావ వాళ్ళింట్లో కూడా ఇదే పని చేశాను కాబట్టి, ఎక్కడెక్కడ ఇరుక్కుపోతామో ఇప్పుడు బాగా తెలుసు. అవన్నీ ఇక్కడ రాస్తున్నాను. అటక మీద మంచి యాంప్ ఒకటి పడి ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేసేయకండి.

నెట్‌వర్క్ ప్లేయర్ అంటే ఏమీ లేదు, వైఫై ద్వారానో ల్యాన్ వైరు ద్వారానో పాటను తెచ్చుకుని, దాన్ని యాంప్‌కి అందించే డబ్బా. వీమ్ లాంటివి రెడీమేడ్‌గా దొరుకుతాయి. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొనుక్కుని అందులో పైకోర్‌ప్లేయర్, మూడ్, వొలూమియో లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుని సొంతంగా తయారు చేసుకోవచ్చు. స్క్వీజ్‌బాక్స్ అనే పాతకాలపు నెట్‌వర్క్ ప్లేయర్ ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా ఇప్పటికీ పనికొస్తుంది, దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో ఇంకా నడుస్తోంది. వీటిలో స్పీకర్‌ని మోగించేంత శక్తి సాధారణంగా ఉండదు. అందుకే యాంప్ కావాలి, లేకపోతే యాంప్ లోపలే ఉన్న పవర్డ్ స్పీకర్లు కావాలి.

ఏ వైరు కొనాలి అని అడిగే ముందు రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోండి. ఒకటి, అంకెల రూపంలో ఉన్న డిజిటల్ పాట ఏ డబ్బాలో అనలాగ్‌గా, అంటే స్పీకర్‌కి అర్థమయ్యే మామూలు కరెంటు సిగ్నల్‌గా మారుతోంది? రెండు, వాల్యూమ్ ఏ డబ్బాలో తగ్గిస్తారు, పెంచుతారు? ఈ రెండూ తేలితే వైరు దానంతట అదే తేలిపోతుంది. నేను చూసిన గందరగోళాల్లో ముప్పావు వంతు ఈ రెంటిలో ఏదో ఒకటి రెండు చోట్ల జరగడం వల్లనో, అసలెక్కడా జరగకపోవడం వల్లనో వచ్చినవే.

మామూలు పాత యాంప్ సంగతి ముందు చూద్దాం, మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది అదే. దానికి డిజిటల్ అంటే తెలియదు. కాబట్టి ప్లేయర్ లోపలే పాట అనలాగ్‌గా మారాలి, మారింది తెల్ల, ఎర్ర పిన్నులున్న వైరులో యాంప్‌కి వెళ్ళాలి. షాపులో ఆర్‌సీఏ వైరు అని అడగండి, ఏవీ వైరు అన్నా ఇస్తారు కానీ అందులో వీడియో కోసం పసుపు పిన్ను కూడా ఉంటుంది, దాన్ని వదిలేయండి. తెలుపు ఎడమ, ఎరుపు కుడి. కొన్ని వైర్లలో తెలుపు బదులు నలుపు ఉంటుంది, అది కూడా ఎడమే. ప్లేయర్‌కి 3.5 ఎంఎం సాకెట్ ఒక్కటే ఉంటే, ఒక చివర ఇయర్‌ఫోన్ పిన్ను, రెండో చివర రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉండే వైరు కావాలి. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది. వేలకు వేలు పోసి వైరు కొనక్కర్లేదు, పిన్ను సాకెట్‌లో బిగుతుగా కూర్చుంటుందా లేదా అన్నది చూసుకోండి చాలు. మీటరు, మీటరున్నర సరిపోతుంది.

ఇప్పుడు యాంప్ వెనక్కి వెళ్దాం. టార్చి పట్టుకుని, వంగి, అక్షరాలు సరిగ్గా చదవాలి. ఆక్స్, సీడీ, ట్యూనర్, టేప్ ప్లే అని రాసి ఉన్న సాకెట్లలో ఏదైనా పర్వాలేదు, అన్నీ ఒకటే. పేరు సీడీ అని ఉన్నంత మాత్రాన దానికి సీడీ ప్లేయరే పెట్టాలని లేదు. టేప్ దగ్గర మాత్రం రెండు జతలు ఉంటాయి, రికార్డ్ అని ఉన్నది బయటికి పంపేది, ప్లే అని ఉన్నది లోపలికి తీసుకునేది. మనకు కావాల్సింది ప్లే. దాంట్లో పెడితే ముందు వైపు టేప్ మానిటర్ బటన్ నొక్కాలి, అది నొక్కకుండా పాట రావట్లేదని వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఫోనో అని రాసి ఉన్నదాని జోలికి మాత్రం పోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. అది గ్రామఫోన్ రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ కోసం. దాని ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టులో, ఇంకా తక్కువో ఉంటుంది. మన ప్లేయర్ ఇచ్చేది దాదాపు 2 వోల్టులు, అంటే 400 రెట్లు. పైగా ఫోనో సాకెట్ వెనక ఉండే సర్క్యూట్ బేస్‌ని బాగా పెంచి, ట్రెబుల్‌ని బాగా తగ్గిస్తుంది, ఎందుకంటే రికార్డు గాడి కోసేటప్పుడు దానికి తలకిందులుగా చేస్తారు కాబట్టి. మామూలు పాటను అందులోకి పంపితే కుండలో తల పెట్టి అరిచినట్టు, చిరిగిపోయినట్టు వినిపిస్తుంది. పెదనాన్న ఇంట్లో మొదటి పూట నేను చేసిన తప్పు ఇదే. అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి, ఖాళీగా ఉన్న సాకెట్ కదా అని పెట్టేశాను. స్పీకర్లు పోయాయేమోనని పెదనాన్న ముఖం మాడిపోయింది. పోలేదు, వాల్యూమ్ తగ్గించి ఉంచడం వల్ల బతికిపోయాయి. ఒక చిన్న గుర్తు చెబుతాను, ఫోనో సాకెట్ పక్కన సాధారణంగా ఎర్త్ వైరు బిగించుకోవడానికి ఒక మరమేకు ఉంటుంది. అక్షరాలు చెరిగిపోయినా ఆ మరమేకుని చూసి పోల్చుకోవచ్చు.

ఇంకా పాత సెట్లలో ఆర్‌సీఏ అసలు ఉండదు, గుండ్రటి సాకెట్‌లో ఐదు చిల్లులు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. దాన్ని డిన్ సాకెట్ అంటారు. నెంబర్లు వరసగా ఉండవు, ఒక కొస నుంచి రెండో కొసకి 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. మధ్యలో ఉన్న 2 ఎర్త్, 3 ఎడమ, 5 కుడి. డిన్ నుంచి ఆర్‌సీఏకి మార్చే రెడీమేడ్ వైరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దొరక్కపోతే సోల్డరింగ్ చేసేవాళ్ళు ఎవరైనా పది నిమిషాల్లో చేసిపెడతారు. ఈ పాత సెట్లు తక్కువ సిగ్నల్‌కి అలవాటు పడ్డవి, ప్లేయర్‌లో వాల్యూమ్ సగానికి దించి మొదలుపెట్టండి.

మన దగ్గర మరో రకం ఉంది, అసెంబుల్డ్ సెట్టు. షాపులో బోర్డులు బిగించి ఇచ్చే 5.1 హోమ్ థియేటర్లు. దీని వెనక ఆరు సాకెట్లు ఒక గుంపుగా, రెండు సాకెట్లు విడిగా ఉంటాయి. ఆ ఆరు సాకెట్లూ ఆరు స్పీకర్లకు వేరువేరుగా సిగ్నల్ ఇచ్చే పాత డీవీడీ ప్లేయర్ కోసం. మనది రెండు చానెళ్ళ ప్లేయర్ కాబట్టి విడిగా ఉన్న రెంటిలోనే పెట్టాలి. పొరపాటున ఆరింటిలో రెంట్లో పెడితే రెండు స్పీకర్లే మోగి, సబ్‌ ఊఫర్ మౌనంగా ఉంటుంది, సెట్టు పాడైందనుకుంటారు. మా బావ వాళ్ళింట్లో ఏడాది పాటు అలాగే విన్నారు.

ఫోనో సంగతి వదిలేస్తే, వైరు తప్పుగా పెడితే పాట రాదు, లేదా సరిగ్గా రాదు, అంతే. స్పీకర్ వైర్ల విషయంలో మాత్రం అలా కాదు. ఒక యాంప్‌లోని స్పీకర్ అవుట్‌పుట్‌ని తెచ్చి ఇంకో యాంప్ ఆక్స్‌లో ఎప్పుడూ పెట్టకండి. పాత మ్యూజిక్ సిస్టమ్ నుంచి కొత్త దానికి కలుపుదామనుకునేవాళ్ళు ఈ పని చేస్తారు, రెండూ కాలిపోవచ్చు. ఏ వైరు పెట్టినా, తీసినా రెండు డబ్బాలకూ స్విచ్చి తీసేసి ఉండాలి.

ఇక రెండో ప్రశ్న, వాల్యూమ్. ప్లేయర్ సెట్టింగ్స్‌లో సాధారణంగా ఫిక్స్‌డ్ అనీ, వేరియబుల్ అనీ రెండు ఉంటాయి. ఫిక్స్‌డ్ అంటే ప్లేయర్ నిండుగా పంపిస్తుంది, యాంప్ నాబ్‌తో మనం తగ్గించుకోవాలి. వేరియబుల్ అంటే ఫోన్‌లోనే వాల్యూమ్ మార్చుకోవచ్చు. నాబ్ ఉన్న యాంప్ అయితే ఫిక్స్‌డ్ పెట్టి నాబ్ వాడుకోమంటాను నేను. ఎందుకంటే ప్లేయర్‌లో వాల్యూమ్ తగ్గించడం అంటే లెక్కలో అంకెలు తగ్గించడమే, ప్రతి 6 డెసిబెల్స్‌కి ఒక బిట్ చొప్పున పోతుంది. అయితే ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు, సీడీ పాట 16 బిట్లు, ఇప్పటి ప్లేయర్లు 24 బిట్లలో పనిచేస్తాయి, అంటే 8 బిట్లు చేతిలో మిగులుతాయి, దాదాపు 48 డెసిబెల్స్ వరకూ తగ్గించినా అసలు పాటకు నష్టం లేదు. కాబట్టి సోఫాలో కూర్చుని ఫోన్‌తో వాల్యూమ్ మార్చుకోవాలని ఇంట్లో పెద్దవాళ్ళు కోరుకుంటే నిశ్చింతగా వేరియబుల్ పెట్టేయండి, నాబ్‌ని ఒక చోట నిలిపేసి అక్కడ చిన్న గుర్తు పెట్టండి. పెదనాన్న ఇంట్లో అలాగే చేశాను, నాబ్ దగ్గర పెద్దమ్మ బొట్టు బిళ్ళ అతికించింది.

నాబ్ లేని పవర్ యాంప్‌కి గానీ, వెనక వాల్యూమ్ లేని పవర్డ్ స్పీకర్లకి గానీ కలిపితే మాత్రం ఫిక్స్‌డ్ పెట్టకూడదు. పాట నొక్కీ నొక్కగానే నిండు వాల్యూమ్‌తో బద్దలైనట్టు వస్తుంది, సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకర్ (ట్వీటర్) పోతుంది, పక్కింటివాళ్ళు పరుగెత్తుకొస్తారు. అక్కడ వేరియబుల్ పెట్టి, వాల్యూమ్ 10 దగ్గర ఉంచి మొదలుపెట్టండి.

పాత యాంప్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. నాబ్ కొంచెం కదిపితే చాలు హాలంతా దద్దరిల్లిపోతుంది, ఆ కొంచెంలోనే అంతా సర్దుకోవాలి. పాత యాంప్‌లు 150, 200 మిల్లీవోల్టులకే పూర్తిగా మోగేలా చేసినవి, మనం 2 వోల్టులు పంపిస్తున్నాం, అందుకే. ప్లేయర్‌లో వాల్యూమ్‌ని 60, 70 దగ్గర ఆపేస్తే నాబ్‌కి తిరగడానికి చోటు దొరుకుతుంది. కొన్ని ప్లేయర్లలో అవుట్‌పుట్ 2 వోల్టుల నుంచి 1 వోల్టుకో, అంతకంటే తక్కువకో మార్చుకునే ఆప్షన్ ఉంటుంది, ఉంటే అదే వాడండి.

ఇంట్లో కాస్త కొత్త ఏవీ రిసీవర్ ఉంటేనో, విడిగా డ్యాక్, అంటే డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే డబ్బా, ఉంటేనో లెక్క మారుతుంది. అక్కడ పాటను డిజిటల్‌గానే పంపేయడం మేలు. చాలా ఏవీ రిసీవర్లు అనలాగ్‌గా వచ్చిన దాన్ని కూడా లోపల మళ్ళీ డిజిటల్ చేసి, బేసూ గది సర్దుబాట్లూ చేసి, తిరిగి అనలాగ్ చేస్తాయి. అంటే మీరు ప్లేయర్‌లో ఒకసారి మార్చింది అక్కడ రెండుసార్లు మళ్ళీ మారుతుంది. ఇది మొదటి ప్రశ్నకు రెండు జవాబులున్న సందర్భం అన్నమాట. ఆప్టికల్ వైరో, కోయాక్సియల్ వైరో పెట్టేసి మార్చే పని మొత్తం రిసీవర్‌కే వదిలేయండి. ప్లేయర్‌లో డ్యాక్ అద్భుతం, దాన్నే వాడాలి అనుకుంటే రిసీవర్‌లో ప్యూర్ డైరెక్ట్ లాంటి మోడ్ ఉంటుంది, అది పెట్టుకుని అనలాగ్‌లో వినండి.

ఆప్టికల్ వైరుని 1983లో తోషిబా తెచ్చింది, అందుకే దాన్ని టాస్‌లింక్ అంటారు. లోపల కరెంటు ఉండదు, ఎర్రటి వెలుతురు ప్రయాణిస్తుంది. కొత్త వైరు రెండు చివర్లలోనూ చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, దాదాపు కనిపించనంత పారదర్శకంగా. అవి తీయకుండా గుచ్చితే లోపలికి వెళ్ళదు, బలవంతంగా తోస్తే సాకెట్ తలుపు విరుగుతుంది. టోపీ తీసి, పిన్ను ఆకారం సాకెట్ ఆకారంతో కలిసేలా తిప్పి, టక్‌మని వినిపించేదాకా తోయాలి. రెండో చివర పెట్టే ముందు అరచేతి మీద పట్టుకుంటే ఎర్ర చుక్క కనిపించాలి. కనిపించకపోతే ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఆప్టికల్ అవుట్ ఆన్ అయి లేదన్నమాట. గోడ మూలల్లో మడతపెట్టకండి, మెత్తగా వంచండి చాలు.

కోయాక్సియల్‌తో ఒక చిక్కు ఉంది. అది చూడ్డానికి అచ్చం ఆర్‌సీఏ సాకెట్‌లాగే ఉంటుంది, కాకపోతే జత ఉండదు, ఒక్కటే ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి ఆక్స్‌లో పెడితే పాట బదులు బుస్సుమనో, అసలేమీ రాకుండానో ఉంటుంది. సాకెట్ ఒంటరిగా ఉందంటే పక్కన డిజిటల్ అని రాసి ఉందేమో, సబ్ అని రాసి ఉందేమో చూడండి. దీనికి 75 ఓమ్‌ల వైరు వాడాలి, తక్కువ దూరానికి పాత ఏవీ వైరులోని పసుపు పిన్ను వైరు చక్కగా సరిపోతుంది, వీడియో వైరు కూడా 75 ఓమ్‌లదే. ఇందాక వదిలేయమన్నది ఇక్కడ పనికొచ్చింది.

రెంటిలో ఏది అంటే, నాకు ఆప్టికలే ఇష్టం, కారణం కింద హమ్మింగ్, అంటే గుయ్యిమనే చప్పుడు, దగ్గర చెబుతాను. దానికి ఉన్న ఒకే లోటు, పాత డ్యాక్‌లు, రిసీవర్లు ఆప్టికల్ మీద 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాటితే తడబడతాయి. కొన్ని పాటలు బాగా వచ్చి కొన్ని మాత్రం టిక్‌టిక్‌మంటూ తెగిపోతుంటే, లేదా అసలు రాకపోతే, ప్లేయర్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ శాంపిల్ రేటుని (పాటను సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో చెప్పే అంకె) 96కి తగ్గించండి. మన పాటలు చాలావరకు సీడీ నుంచి ఎక్కించుకున్న 44.1 కిలోహెర్ట్జ్‌వే కదా, నష్టమేమీ లేదు.

రాస్‌ప్‌బెర్రీ పై వాడేవాళ్ళకు ఒక మాట. పై 4 వరకు దాని మీద 3.5 ఎంఎం సాకెట్ ఉంటుంది కానీ సౌండ్ అంత బాగుండదు, పై 5లో ఆ సాకెట్టే తీసేశారు. మంచి యాంప్ ఉన్నప్పుడు పై మీద తొడిగే డ్యాక్ బోర్డు గానీ, యూఎస్‌బీ డ్యాక్ గానీ పెట్టుకోండి. తేడా వినగానే తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మెమరీ కార్డు పాడవుతుందేమోనన్న టెన్షన్ ఉంటే పైకోర్‌ప్లేయర్ వేసుకోండి, అది బూట్ అయ్యాక మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది కాబట్టి హఠాత్తుగా ఆగినా కార్డుకి ఏమీ కాదు.

హమ్మింగ్ విషయానికి వస్తాను. పెదనాన్న ఇంట్లో రెండో పూట దీనికే పోయింది. ప్లేయర్ కలిపిన రోజే టీవీ సౌండు కూడా ఆ స్పీకర్లలోనే రావాలని టీవీ ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి ఇంకో వైరు యాంప్‌కి ఇచ్చాను. స్విచ్చి వేశాను. పాట లేదు, ఏమీ లేదు, స్పీకర్లలోంచి ఒకటే గుయ్యిమని.

“ఏట్రా ఇది, తేనెపట్టు కదిపినట్టు?” అన్నాడు పెదనాన్న.

టీవీ ఇన్‌పుట్‌లో గట్టిగా, ప్లేయర్ ఇన్‌పుట్‌లో కొంచెం తక్కువగా. మన కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది, ఆ 50, దాని రెట్టింపు 100 కలిసి ఈ గుయ్యిమనే చప్పుడు. వైరు మార్చాను, సాకెట్ మార్చాను, పోలేదు. చివరికి సెట్‌టాప్ బాక్స్ వెనక నుంచి కేబుల్ టీవీ వైరు పీకాను. టక్కున ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ వచ్చింది. మూడుసార్లు పీకి పెట్టి చూపించాను, పెదనాన్న కూడా ఒకసారి తనే పీకి చూశాడు.

జరిగిందేమిటంటే, యాంప్‌కి త్రీపిన్ ప్లగ్గు, అది ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంది. కేబుల్ వైరు పై తొడుగు బయట ఎక్కడో వేరే చోట నేలకు కలిసి ఉంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. టీవీ నుంచి యాంప్‌కి మనం ఇచ్చిన ఆడియో వైరు ఆ రెంటినీ కలిపి చుట్టు పూర్తి చేసేసింది, దాంతో ఆ వైరు తొడుగులోంచి కరెంటు పారడం మొదలైంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మీకు ఇలా వస్తే మీరూ ఇదే పద్ధతిలో వెతకండి, ఒక్కొక్క వైరు పీకుతూ రండి, ఏది పీకినప్పుడు ఆగిందో అక్కడే ఉంది దొంగ. చాలా ఇళ్ళల్లో అది కేబుల్ వైరే అవుతుంది, లేదంటే త్రీపిన్ ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్.

మందు సులువే. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి ఆప్టికల్ వైరు తీసి, కొన్ని వందల రూపాయలకే దొరికే చిన్న డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ పెట్టి, అక్కడి నుంచి యాంప్‌కి ఇచ్చాను. ఆప్టికల్ వైరులో లోహం లేదు, చుట్టు తెగిపోయింది, చప్పుడు పోయింది. ఆప్టికల్ లేనివాళ్ళు గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా వస్తుంది, దాన్ని ఆడియో వైరు మధ్యలో పెట్టొచ్చు, మరీ చవకది అయితే బేస్ కాస్త పలచబడుతుంది. కొంతమంది ఎలక్ట్రీషియన్లు త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటారు. చప్పుడు పోతుంది నిజమే, కానీ లోపల ఏదైనా వైరు ఊడి ఇనుప పెట్టెకి తగిలితే ముట్టుకున్నవాళ్ళ ప్రాణం మీదకి వస్తుంది. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

గుయ్యిమనడం కాకుండా గరగర, నాబ్ తిప్పుతుంటే బరబర, ఒక వైపు స్పీకర్ ఉండీ ఉండీ పోవడం, ఇవి వేరే జబ్బు. మన విశాఖలో ఇది ఎక్కువ. బీచ్‌కి దగ్గరున్న ఇళ్ళల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కి ఏమవుతుందో, బాల్కనీ గ్రిల్‌కి ఏమవుతుందో మనందరికీ తెలుసు, యాంప్ వెనక సాకెట్లకీ అదే అవుతుంది. ఉప్పుగాలి తగిలి లోహం మీద నల్లటి పొర, రాగి బయటపడిన చోట ఆకుపచ్చ పొడి. పెదనాన్న యాంప్ ఆక్స్ సాకెట్లు వేలితో తుడిస్తే వేలు పచ్చబడింది.

శుభ్రం చేసే పద్ధతి ఇది. కరెంటు ప్లగ్గు పూర్తిగా పీకేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా కొనండి, 99 శాతం ఉన్నదైతే మంచిది, నీళ్ళు కలిసిన శానిటైజర్ వద్దు. చెవి పుల్లకున్న దూదిని అందులో ముంచి సాకెట్ బయటి రింగునీ, లోపలి చిల్లునీ తుడవండి, దూది తెల్లగా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ ఉండండి. తర్వాత పిన్ను పెట్టి అటూ ఇటూ ఏడెనిమిది సార్లు తిప్పండి, మిగిలిన పొర ఆ రాపిడికే పోతుంది. నాబ్ బరబరకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, నాబ్ ఇరుసు సందులోకి ఒక్క చుక్క కొట్టి, ఆ కొస నుంచి ఈ కొసకి ఇరవై సార్లు తిప్పి, గంట ఆరనిచ్చి అప్పుడు స్విచ్చి వేయాలి. స్పీకర్ వైర్ల చివరలు కూడా చూడండి, రాగి నల్లబడి ఉంటే ఒక అంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి పెట్టండి. మేం సముద్రం వైపు కిటికీ ఎదురుగా ఉన్న బల్లని లోపలి గోడకి జరిపేశాం. రోజూ కాసేపు వాడటం కూడా ఒక రక్షణే, లోపలి వేడికి తేమ నిలవదు.

ఇక నెట్‌వర్క్ సంగతి. ఇక్కడ అందరికీ ఎదురయ్యేది ఒకటే, ఫోన్‌లో యాప్ తెరిస్తే ప్లేయర్ కనిపించదు. ముందుగా చూడాల్సింది, ఫోనూ ప్లేయరూ ఒకే రౌటర్ మీద ఉన్నాయా అని. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన డబ్బా వైఫై ఒకటి, దానికి తగిలించిన మన సొంత రౌటర్ వైఫై ఒకటి, ఇలా రెండు నడుస్తుంటాయి చాలా ఇళ్ళల్లో. ఫోన్ అడ్రసు 192.168.1తో మొదలై, ప్లేయర్ అడ్రసు 192.168.0తో మొదలైతే అవి రెండు వేరువేరు వీధుల్లో ఉన్నట్టే, ఒకదానికొకటి కనపడవు. రెంటినీ ఒకే వైఫైకి మార్చండి. గెస్ట్ వైఫైలో పెట్టినా కనపడదు. వీలైతే ప్లేయర్‌కి ల్యాన్ వైరే లాగండి, మన కాంక్రీటు గోడలకి 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండో గదికే నీరసపడిపోతుంది. వైరు కుదరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి, సీడీ నాణ్యత పాటకు సెకనుకు 1.4 మెగాబిట్లే కావాలి, అది బోలెడు.

అన్నీ కలిపాక పరీక్షకి ఒక పాత పాట పెట్టండి. 1950, 60ల నాటి ఘంటసాల పాటో, లీల పాటో, అవి మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండు వచ్చేలా రికార్డయినవి. రెండు స్పీకర్ల మధ్య సమానదూరంలో కూర్చుని కళ్ళు మూసుకోండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి, స్పీకర్లు లేనట్టు గోడలోంచి రావాలి. ఒక పక్కకి జరిగి వినిపిస్తే బ్యాలెన్స్ నాబ్ చూడండి, లేదా ఆ రెండో వైపు సాకెట్ ఇంకా శుభ్రపడలేదు. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా గదంతా చెదిరిపోయి, బేస్ లేకుండా పీలగా ఉంటే ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయి. ఒక స్పీకర్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. ఆ ఒక్క స్పీకర్ వెనక రెండు వైర్లూ మార్చి మళ్ళీ వినండి, తేడాకి మీరే ఆశ్చర్యపోతారు. పెదనాన్న స్పీకర్లు ఎన్నో ఏళ్ళుగా తారుమారుగానే ఉన్నాయి. సరిచేశాక మొదటి చరణం అయ్యేదాకా ఆయన మాట్లాడలేదు.

స్విచ్చి వేసే వరస కూడా ఇంట్లో అందరికీ చెప్పండి. ముందు ప్లేయర్, అది లేచాక చివర్లో యాంప్. ఆపేటప్పుడు ముందు యాంప్, తర్వాత ప్లేయర్. తిరగేస్తే ప్లేయర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే టప్పుమనే దెబ్బ నేరుగా స్పీకర్‌కి తగులుతుంది. ఉరుములు మొదలైతే కేబుల్ వైరూ, ల్యాన్ వైరూ, ప్లగ్గులూ అన్నీ పీకేయడమే. పీకే ముందు యాంప్ వెనక భాగాన్ని ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ప్రతి వైరు చివరా తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో ప్లేయర్, టీవీ అని రాయండి. పెదనాన్న ఫోనో సాకెట్లకి మాత్రం ప్లాస్టర్ అడ్డంగా అంటించి దాని మీద ‘ఇందులో పెట్టొద్దు’ అని పెద్దక్షరాలతో రాసుకున్నాడు.